ముకుమందై యేర్చు నావ: రాయలవారి విస్తట్లో పచ్చళ్ళు, ఊరగాయలు

మొన్న మన గుంపులో ఒకరు అడిగారు: "మిరపకాయ రాకముందు తెలుగువాళ్ళు పచ్చడి దేనితో చేసుకునేవాళ్ళు? అసలు పచ్చడి అనే మాట అప్పటికి ఉందా?" రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి విడిగా పెడుతున్నాను.

మాట ఉంది. ఊరగాయా ఉంది. రెండూ ఒకే పద్యంలో, దగ్గరదగ్గరే ఉన్నాయి. శ్రీకృష్ణదేవరాయలవారి ఆముక్తమాల్యద మొదటి ఆశ్వాసంలో విల్లిపుత్తూరు విష్ణుచిత్తుడు ఇంటికొచ్చిన వైష్ణవులకు వానాకాలం ఏం పెట్టేవాడో, వేసవిలో ఏం పెట్టేవాడో, చలికాలం ఏం పెట్టేవాడో రాయలవారు తలా ఒక పద్యంలో చెప్పారు. ఇది చలికాలానిది:

పునుగుం దావి నవోదనంబు మిరియంపుం బొళ్ళతోఁ జట్టి చు
య్యను నాదాఱని కూరగుంపు ముకుమందై యేర్చు నావం జిగు
ర్కొను పచ్చళ్ళును బాయసాన్నములు నూరుంగాయలుం జేసుఱు
క్కను నేయుం జిఱుపాలు వెల్లువగ నాహారం బిడున్ సీతునన్

స్థూలంగా: పునుగు వాసన వేసే కొత్తబియ్యపన్నం, మిరియాల పొళ్ళు, చట్టిలో చుయ్యిమనే చప్పుడు ఇంకా ఆరని కూరలు, ముక్కుకి మందులా మండించే ఆవ పెట్టిన పచ్చళ్ళు, పాయసాలు, ఊరగాయలు, చెయ్యి చురుక్కుమనేంత వేడి నెయ్యి, పాలు. ఆ "చుయ్" మన పోపు చప్పుడే. అయిదు వందల ఏళ్ళ కిందటి పద్యంలో పోపు వినిపిస్తోందంటే నాకైతే అక్కడే కడుపు నిండింది.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాం. పొడి, పచ్చడి, ఊరగాయ, పైన నెయ్యి. మన విస్తట్లో ఇవాళ్టికీ అన్నం చుట్టూ ఉండేవి ఇవే. లేనిది మిరపకాయ ఒక్కటే. రాయలవారు ఏలింది 1509 నుంచి 1529 దాకా. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. వాస్కోడగామా కోళికోడ్‌లో దిగింది 1498లో, గోవా పోర్చుగీసుల చేతికి వెళ్ళింది 1510లో. మిరప మన దేశానికి వచ్చిందీ, ఊరూరా పాకిందీ వాళ్ళ రాక తరవాతే. పద్యంలో మంట పుట్టించేవి రెండే: అన్నంలోకి మిరియం, పచ్చట్లోకి ఆవ.

కొత్త కాయ వచ్చినప్పుడు భాష ఏం చేసిందో చూడండి. కొత్త పేరు వెతుక్కోలేదు, పాత మిరియం పేరే తగిలించింది. మిరియపు కాయ, అదే మిరపకాయ. తమిళులు మిళగు నుంచి మిళగాయ్ చేసుకున్నారు, కన్నడిగులు మెణసు నుంచి మెణసినకాయి. గుంటూరు యార్డులో మనం అనే మిర్చి కూడా తిరిగి తిరిగి సంస్కృత మరీచం దగ్గరికే చేరుతుంది. మరీచమంటే మళ్ళీ మిరియమే! అద్దెకొచ్చినవాడు ఇల్లు స్వాధీనం చేసుకున్నాడు గానీ తలుపు మీద పేరు మాత్రం పాత యజమానిదే.

ఇక "ముకుమందై" దగ్గర కాస్త ఆగాలి. మంట అంతా ఒకటే కాదని రాయలవారికి తెలుసు. మనకూ తెలుసు, అందుకే కారం అని ఒక మాట, ఘాటు అని ఇంకో మాట పెట్టుకున్నాం. మిరపకాయ నాలుక మీద, గొంతులో మండుతుంది. ఆవ ముక్కులోకి ఎక్కుతుంది. నషాళానికి అంటడం అంటే అదీ. కారణం ఏమిటంటే, మిరపలో ఉండే క్యాప్సైసిన్ మామూలు వేడికి ఆవిరై గాల్లో కలిసేది కాదు, నోట్లోనే ఉండి మండిస్తుంది. ఆవ ఘాటుకి మూలమైన అల్లైల్ ఐసోథయోసైనేట్ ఇట్టే ఆవిరవుతుంది, నోట్లోంచి ముక్కుకి పోతుంది. తమాషా ఏమిటంటే అది గింజలో సిద్ధంగా ఉండదు. గింజ నలిగి తడి తగిలాక, లోపలి ఎంజైము పనిచేస్తే అప్పుడు పుడుతుంది. వేడి తగిలితే ఆ ఎంజైము చచ్చిపోతుంది. అందుకే పోపులో ఎన్ని ఆవాలు చిటపటలాడినా ముక్కుకి ఏమీ కాదు, అవే ఆవాలు పచ్చిగా నూరితే కళ్ళలో నీళ్ళు. పద్యంలో ఉన్నది నూరిన ఆవ. ముక్కు మందు అనడంలో హాస్యం ఉంది గానీ అతిశయోక్తి ఏమీ లేదు, చలికాలం పడిశానికి అంతకంటే ఏం కావాలి?

ఆవకాయ పేరులో ఉన్నది కూడా ఆవే అని గమనించండి. ఎర్రగా కనిపించేది కారం, పేరు మాత్రం ఆవది.

వ్యాఖ్యలు

అమలాపురం నుంచి: భలే పద్యం గుర్తు చేశారండీ. మా గోదావరి వైపు "ఆవ పెట్టడం" అని క్రియే ఉంది. పనసపొట్టు కూరకి, కంద బచ్చలికి, అరటికాయకి ఆవ పెడతాం. కూర పొయ్యి మీద ఉండగా వేస్తే వంట పాడైనట్టే. దింపి, కాస్త చల్లారాక, నూరిన ఆవ కలపాలి. మీరు చెప్పిన ఎంజైము సంగతి మా అమ్మమ్మకి తెలియదు గానీ "పొయ్యి మీద వేశావంటే చేదెక్కుతుందే" అనేది. ఆవపెట్టిన పెరుగుపచ్చడి తిని పొలమారిన కొత్తల్లుళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు.

కరీంనగర్ నుంచి: అన్నా, పచ్చడి అన్నరు, ఊరగాయ అన్నరు, మరి మా తొక్కు ఏడవాయె? మాకు మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు, టమాట తొక్కు. ఆంధ్రా దోస్తులు తొక్కు అంటే తినేసినంక పారేసే తొక్క అనుకుంటరు. కాయను రోట్లె ఏసి తొక్కుతం కాబట్టి తొక్కు. పని పేరే కూర పేరు.

పోస్టు పెట్టినాయన: తమ్ముడూ, తొక్కు ఒక్క తెలంగాణ మాటే కాదు, తమిళంలోనూ తొక్కు ఉంది. కృష్ణా, గుంటూరు వైపు చింతకాయ తొక్కు అంటారు, ఉప్పూ పసుపూ వేసి దంచి జాడీకెత్తి, ఏడాది పొడుగునా కాస్త కాస్త తీసి పండుమిరపకాయతోనో ఎండుమిరపకాయతోనో మళ్ళీ నూరుకుంటారు. మామిడికాయకైతే తొక్కుపచ్చడి అని జంటగా అనేవాళ్ళూ ఉన్నారు. తెలంగాణ మాట శుద్ధంగా నిలబెట్టుకుంది, కోస్తావాళ్ళు దానికి పచ్చడి తోక తగిలించారు. ఇందులో ఎవరి మాట సరైనది అని పేచీ పెట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు గానీ, అడిగితే మీ మాటే చక్కగా ఉందంటాను.

విజయనగరం నుంచి: నాకొక సందేహం. "నావ" అంటే పడవ కదా. "నూరుంగాయలు" అంటే నూరిన కాయలా, నూరు కాయలా? బళ్ళో మాకు ఎవరూ చెప్పలేదు.

పోస్టు పెట్టినాయన: రెండు చోట్లా నకారం సంధి తెచ్చిపెట్టిందేనండి. ఏర్చు + ఆవ. ఉకారంతో ముగిసే "ఏర్చు" లాంటి విశేషణం పక్కన అచ్చు వస్తే మధ్యలో నకారం చేరుతుంది, చేయునతడు, వచ్చునపుడు లాగా. దాన్ని నుగాగమం అంటారు. ఇక్కడ పడవకి చోటు లేదు. రెండోది "పాయసాన్నములున్ + ఊరుంగాయలున్". ముందున్న ద్రుతం, అంటే మాట చివరి నకారం, వచ్చి అచ్చుకి అతుక్కుంది. పొళ్ళు బొళ్ళు అయిందీ, చే సుఱుక్కు జే సుఱుక్కు అయిందీ కూడా నకారం పుణ్యమే. కాబట్టి అది ఊరుంగాయ, ఊరిన కాయ. మనం ఊరగాయ అంటున్నాం, తమిళులు ఊఱుగాయ్ అంటారు. కన్నడిగులు ఉప్పినకాయి అని ఉప్పుని పట్టుకున్నారు, మలయాళీలు ఉప్పిలిట్టదు అన్నారు. మనమూ తమిళులూ కాయ ఏమవుతుందో చెప్పాం, వాళ్ళు ఏం వేశారో చెప్పారు. నోరూరడం, బావిలో నీరూరడం కూడా ఆ ఊరడమే.

కాకినాడ నుంచి: పచ్చడి అంటే దంచినది అని కదా అర్థం? "వాణ్ణి పచ్చడి చేశారు" అంటాం మరి.

పోస్టు పెట్టినాయన: ఇప్పుడు ఆ అర్థం బలపడింది, ఒప్పుకుంటాను. కానీ పెరుగుపచ్చడిలో దంచేది ఏముంది? ఉగాది పచ్చడి ఏ రోట్లో నూరారు? వేపపువ్వు, కొత్త చింతపండు పులుసు, బెల్లం, మామిడి ముక్కలు కలుపుతాం, అంతే. అరవ పచ్చడి, మలయాళ పచ్చడి చాలావరకు పెరుగులో కలిపేవే. వీటన్నిటికీ సరిపోయేది "పచ్చి" అనే మాట. పచ్చిగా, లేదా సగం ఉడికీ ఉడకకుండా, అప్పటికప్పుడు కలుపుకునేది పచ్చడి. రోలు తరవాత వచ్చి మాటను తనవైపు లాక్కుందని నా అభిప్రాయం. నిల్వ ఉండేది ఊరగాయ, ఇవాళ చేసి ఇవాళ తినేది పచ్చడి; రాయలవారి పద్యం కూడా రెండిటినీ విడివిడిగానే చెప్పింది. "నిల్వపచ్చళ్ళు" అనే షాపు బోర్డు వచ్చాక ఆ గీత చెరిగిపోయింది.

మదనపల్లె నుంచి: మా పక్క ఊరుబిండి ఉంది సార్. చెనక్కాయలు వేయించి, ఎండుమిరపకాయలు, చింతపండు, ఎర్రగడ్డ వేసి రోట్లో నూరేది. రాగిసంగటిలోకి ఇంకేమీ వద్దు. దీన్ని పచ్చడి అంటే మా అవ్వ ఒప్పుకోదు, చట్నీ అంటే అసలే ఒప్పుకోదు.

పోస్టు పెట్టినాయన: అవ్వ మాటే ఖాయం చేసుకోండి. చట్నీ హిందీలో నాకడం అనే క్రియ నుంచి వచ్చింది, ఇడ్లీ పక్కన ఉంటే బాగానే ఉంటుంది. సంగటి ముద్ద అంచుకి నలుచుకునేదాన్ని నాకేది అంటే అవ్వకి కోపం రాదూ! పైగా మీ ఊరుబిండి కూడా పద్యానికి ఒక అనుబంధమే. వేరుశనగా అమెరికా ఖండం నుంచి వచ్చిందే, మిరపా అక్కడి నుంచి వచ్చిందే. రెండు పరాయి దినుసులు మీ రోట్లో కలిసి అచ్చ తెలుగు పేరు పెట్టుకున్నాయి.

డాలస్ నుంచి: ఇక్కడ సూపర్ మార్కెట్‌లో పసుపుపచ్చ ఆవాలు తెచ్చి నూరి పెరుగుపచ్చడి చేశాను. చప్పగా లేదు, నాలుక చురుక్కుమంది, కానీ ముక్కుకి అసలు తగల్లేదు. అదేమిటండీ?

పోస్టు పెట్టినాయన: మీరు తెచ్చిన పసుపుపచ్చ ఆవాలు తెల్ల ఆవ అనే వేరే జాతివి అమ్మా. అందులో పుట్టే ఘాటు పదార్థం ఆవిరయ్యే రకం కాదు, నోట్లోనే ఉండిపోతుంది. ఇండియన్ స్టోర్‌లో ముదురు రంగు ఆవాలు దొరుకుతాయి, అవి తెచ్చుకోండి. లేదా సుషీ తిన్నప్పుడు వసాబీ గుర్తు చేసుకోండి. అందులో నషాళానికి ఎక్కేది కూడా మన ఆవలో ఉన్న పదార్థమే. జపాన్‌వాళ్ళకి ముకుమందు అదన్నమాట.

హన్మకొండ నుంచి: మా ఇంట్ల ఆవకాయల అల్లం వెల్లుల్లి ముద్ద ఏస్తరు, జీలకర్ర, మెంతిపొడి ఏస్తరు, పోపు గూడ పెడ్తరు. కోస్తావాళ్ళు చూసి ఇది ఆవకాయ కాదంటరు. మీ తీర్పు చెప్పుండ్రి.

పోస్టు పెట్టినాయన: తీర్పులు నావల్ల కాదండీ. అయినా పేరును బట్టి కొలిస్తే కోస్తావాళ్ళే ముందు ఇరుక్కుంటారు. పెసరావకాయలో ఆవపిండికి బదులు పెసరపిండి వేస్తారు, అయినా దాన్ని ఆవకాయ అనే పిలుస్తారు. ఆవ లేకుండా ఆవకాయ! అంటే ఆ మాట దినుసుని వదిలి పద్ధతికి పేరైపోయింది: టెంకతో కొట్టిన ముక్క, పిండి, ఉప్పు, కారం, పైన నూనె. మీదాంట్లో ఆవపిండి ఉంటే మీరు పేరుకి ఇంకా దగ్గరగా ఉన్నట్టు.

అమలాపురం నుంచి: సరే గానీ, ఆ "నూరుంగాయల్లో" మామిడికాయ ఉందంటారా? కనీసం అదైనా చెప్పండి, మా ఇంట్లో పందెం వేసుకున్నాం.

పోస్టు పెట్టినాయన: ఈ పద్యం ఏ కాయో చెప్పదు. వేసవి పద్యం చూడండి, అందులో నీరుచల్ల పక్కన "వడపిందెలు" అని ఉంది. ఊరవేసిన మామిడి పిందెలని వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. కాబట్టి ఊరిన మామిడి ఆ ఇంట్లో ఉంది. నూరిన ఆవ కూడా ఉంది, కానీ అది చలికాలం పచ్చట్లో ఉంది. రెండూ ఒక జాడీలో కలిశాయని మాత్రం ఏ పద్యమూ అనలేదు. పందెం డబ్బు చెరి సగం పంచుకోండి.