ప్రయోగశాల పరికరాలను ప్రతి సెమిస్టర్‌కూ మార్చి అమర్చాలా, ఉన్నచోటే ఉంచాలా?

కొత్త లెక్చరర్: మా విభాగంలో ఒకే హాలులో రెండు సంవత్సరాల విద్యార్థులకు ప్రాక్టికల్స్ జరుగుతాయి కాబట్టి, సెమిస్టర్ మారినప్పుడల్లా బల్లల మీది పరికరాలన్నీ తీసి మళ్లీ సర్దుతారు. ప్రతి ప్రయోగానికీ ఒక స్థిరమైన బల్ల కేటాయిద్దామని నేను అంటే, స్థలం చాలదని కొందరు, అలా చేస్తే విద్యార్థులకు అమర్చడమే రాకుండా పోతుందని మరికొందరు అభ్యంతరం చెప్పారు. మీరేమంటారు?

ల్యాబ్ అసిస్టెంట్: నేను మీ వైపే. 0.1 మిల్లీగ్రాము వరకు చూపే అనలిటికల్ బ్యాలెన్స్‌ను మరో బల్ల మీదికి మార్చితే, లెవల్ బుడగ వలయం మధ్యకు వచ్చేదాకా కాళ్ల స్క్రూలు తిప్పాలి, గది ఉష్ణోగ్రతకు అది అలవాటుపడే వరకు ఆగాలి, ఆపైన ప్రామాణిక బరువుతో కాలిబ్రేషన్ చేయాలి. ఒక అంతస్తు పైకి, అంటే సుమారు 3 మీటర్లు ఎక్కించినా, గురుత్వ త్వరణం తగ్గినందువల్ల 100 గ్రాముల బరువు దాదాపు 0.1 మిల్లీగ్రాము తక్కువ చూపుతుంది. ఒక ఏడాది, ఖాళీగా ఉన్న బల్ల అదొక్కటేనని, బ్యాలెన్స్‌ను ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టాము. చివరి అంకె ఎంతకీ నిలవక పిల్లలు మధ్యాహ్నమంతా దాని ముందే కూర్చున్నారు.

ఆప్టిక్స్ బోధకుడు: బ్యాలెన్స్ విషయంలో మీతో వాదన లేదు. అయితే అదే సూత్రాన్ని, కాంతి వంగే కోణాన్ని కొలిచే స్పెక్ట్రోమీటర్‌కు వర్తింపజేస్తే ప్రయోగంలో సగం పోతుంది. టెలిస్కోప్‌ను దూరపు వస్తువు మీద ఫోకస్ చేయడం, కాంతిని సమాంతర కిరణాలుగా పంపే గొట్టం, అంటే కాలిమేటర్, చీలిక అంచులు పదునుగా కనిపించేలా సరిచేయడం, పట్టకం పెట్టే బల్లను మూడు స్క్రూలతో సమం చేయడం ముందే ఎవరో పూర్తి చేసి పెడితే, విద్యార్థికి మిగిలేది వెర్నియర్ స్కేలు మీద కోణం చదవడమే. సోడియం ల్యాంప్ మొదట ఎర్రగా వెలిగి, కొన్ని నిమిషాల తరువాతగాని పసుపు రంగుకు రాదు. దాన్ని ఎన్నడూ తానుగా వెలిగించని విద్యార్థి, ల్యాంప్ చెడిపోయిందనుకొని ఆపేయడం నేను చూశాను. పరీక్ష రోజున ఒక స్క్రూ కాస్త తప్పితే చాలు, అటెండర్ కోసం దిక్కులు చూస్తారు.

ల్యాబ్ అసిస్టెంట్: పరికరాన్ని విద్యార్థి సరిచేసుకోవడానికి నేను అడ్డు చెప్పడం లేదు. నా అభ్యంతరమంతా దాని చోటు మార్చడం మీదనే. కాంతిని రెండుగా చీల్చి మళ్లీ కలిపి వెలుగు-చీకటి చారలు (ఫ్రింజ్‌లు) చూపే మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్‌లో 632.8 నానోమీటర్ల లేజర్ వాడుతున్నప్పుడు అద్దం 316.4 నానోమీటర్లు జరిగితే ఒక ఫ్రింజ్ దాటిపోతుంది. పక్క బల్ల మీద వాక్యూమ్ పంపు అదురుతూ నడుస్తుంటే ఇక లెక్కపెట్టేదేముంటుంది? ఎవరు ఎంత చక్కగా అమర్చినా ఆ పొరుగు మారదు.

రసాయన శాస్త్ర విభాగం నుంచి: మా వైపు కొన్నింటి మీద చర్చే లేదు. గ్యాస్ సిలిండర్ గోడకు గొలుసుతో కట్టి ఉండాలి, జరిపేటప్పుడు వాల్వ్ మీద మూత ఉండాలి. హానికరమైన ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లో పరికరాలు ముందరి అంచు నుంచి కనీసం 15 సెంటీమీటర్లు లోపల ఉండాలి. కళ్లు కడుక్కునే కుళాయికి వెళ్లే దారిలో, తాత్కాలికమని చెప్పి కూడా, ఏ బల్లా వేయకూడదు.

కొత్త లెక్చరర్: అయితే బ్యాలెన్స్, ఇంటర్‌ఫెరోమీటర్, హుడ్, సిలిండర్లు కదలవు, మిగిలినవి బీరువాలో ఉంటాయి, విద్యార్థులే తీసి అమర్చుకుంటారు. మొదటి తరగతి అంతా దానికే పోయినా ఫరవాలేదు, అమరికకు కూడా మార్కులు పెడతాను. స్పెక్ట్రోమీటర్ లెవలింగ్ స్క్రూలను మాత్రం తరగతికి ముందు కావాలనే చెదరగొట్టి ఉంచమని మా అసిస్టెంట్ గారిని అడగబోతున్నాను.

ల్యాబ్ అసిస్టెంట్: తప్పక అడగండి. వాటిని బలంగా బిగించవద్దని కూడా పిల్లలకు ముందే చెప్పండి. మా దగ్గర ప్రతి ఏడాదీ ఒక స్క్రూకైనా మర అరిగిపోతూనే ఉంటుంది.