సింగ్‌నగర్ ఫ్లైఓవర్ ఎక్కని మోటారు రిక్షా: పెద్ద మోటారు కొనాలా?

వాటర్ టిన్నుల కుర్రాడు (విజయవాడ):
అందరికీ నమస్తే. మా నాన్న ఇరవై ఏళ్ళ నుంచి మూడు చక్రాల తొక్కుడు రిక్షా మీద మంచినీళ్ళ టిన్నులు వేస్తున్నారు. ట్రిప్పుకి 20 లీటర్ల టిన్నులు పది, రోజుకి అటూ ఇటూ కలిపి 14, 15 కిలోమీటర్లు. మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు తొక్కొద్దన్నాడు. మానేయమంటే వినరు. అందుకని రెండు నెలల క్రితం ముందు చక్రానికి హబ్ మోటారు (చక్రం నడిమధ్యలోనే ఉండే రకం) పెట్టించాను. 48 వోల్టులు, 350 వాట్లు, లోపల గేర్లు లేని రకం. తొట్టి కింద 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు.

చదును రోడ్డు మీద బాగానే పోయేది. మొన్న లోడుతో సింగ్‌నగర్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే సగంలో ముందు చక్రం ఇసకలో గిర్రున తిరిగింది, బండి కదల్లేదు. తర్వాత కుదుపులు, ఆపైన ఆగిపోయింది. ఇప్పుడు తాళంచెవి తీసి కరెంటు ఆపేసినా ఆ చక్రం చేత్తో తిప్పుతుంటే బరువుగా, ఆగి ఆగి తిరుగుతోంది. బిగించినాయన "మోటారు కాలిపోయింది, వెయ్యి వాట్లది వేసుకో" అంటున్నాడు. వేయించమంటారా?

ఎలక్ట్రికల్ మేష్టారు (ఏలూరు):
బాబూ, ముందు డబ్బులు జేబులోనే పెట్టుకో. తాళంచెవి తీసినా చక్రం బరువుగా ఉందంటే మోటారుకి వెళ్ళే మూడు లావు వైర్లు ఎక్కడో ఒకదానికొకటి తగులుతున్నాయి. అది మోటారులో కావచ్చు, కంట్రోలరులో (బ్యాటరీ కరెంటుని మోటారుకి కొలిచి పంపే డబ్బాలో) కావచ్చు. తేల్చడం తేలిక. కంట్రోలరు దగ్గర ఆ మూడు లావు వైర్ల కనెక్టరు ఊడదీసి చక్రం తిప్పు. తేలిగ్గా తిరిగితే పోయింది కంట్రోలరు. అప్పటికీ బరువుగానే ఉంటే తప్పు మోటారులోనో, ఇరుసులోంచి బయటికొచ్చే వైరులోనో ఉంది. ఇరుసు నట్ల దగ్గర వైరు ఎలా ఉందో ఒక ఫోటో తీసి పెట్టు.

పాత సైకిల్ షాపు (గుంటూరు):
ఫోటో లేకుండానే చెప్తాను, ఇరుసు తిరిగి వైరు మెలిపడి ఉంటుంది. మోటారు చక్రాన్ని ఎంత బలంగా ముందుకి తోస్తుందో, ఇరుసుని అంత బలంగానూ వెనక్కి తిప్పుతుంది. మన రిక్షా ఫోర్కులో ఆ ఇరుసుని పట్టుకునేవి రెండు నట్లు మాత్రమే. నట్లు వదులైతే ఇరుసు గాడిలో తిరుగుతుంది, వైరు తెగుతుంది. ఇరుసు చదును భాగాన్ని కరిచిపట్టి ఫోర్కుకి బిగించే ఇనప పట్టీ ఒకటి వేయాలి. కిట్టుతో ఇస్తారు, బిగించేవాళ్ళు డబ్బాలోనే వదిలేస్తారు.

అసలు మాట ఏమిటంటే, వెనక తొట్టి ఉన్న రిక్షాకి ముందు చక్రానికి మోటారు పెట్టకూడదు తమ్ముడూ. బరువంతా వెనక రెండు చక్రాల మీదే. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా వెనక్కి జరుగుతుంది. ముందు చక్రం నేలని ఆనీ ఆనకుండా ఉంటుంది. వెయ్యి వాట్లు పెడితే ఇసకలో ఇంకా జోరుగా తిరుగుతుంది, అంతే.

వాటర్ టిన్నుల కుర్రాడు:
మేష్టారూ, మీరు చెప్పినట్టే చూశాను. కనెక్టరు తీసినా చక్రం బరువుగానే ఉంది. షాపు బాబాయ్ చెప్పిందీ నిజమే, ఇరుసు దగ్గర వైరు జడలా మెలిపడింది. పసుపు, నీలం వైర్ల పైతొడుగు చిట్లి రాగి కనిపిస్తోంది. పట్టీ ఇంట్లో కిట్టు డబ్బాలో దొరికింది!

ఎలక్ట్రికల్ మేష్టారు:
చూశావా, మోటారు కాలలేదు. పక్క మూత విప్పించి ఇరుసులోంచి కొత్త వైరు లాగించు. లావువి మూడు, సన్నవి ఐదు. సన్నవాటిలో ఎరుపు, నలుపు కరెంటుకి, మిగతా మూడూ చక్రం ఎక్కడుందో కంట్రోలరుకి చెప్పే హాల్ సెన్సర్లవి. అతికాక తాళంచెవి తిప్పి కరెంటు ఇచ్చి, వోల్టులు కొలిచే మీటరు నల్లకొన నలుపు వైరుకి, ఎర్రకొన ఒక్కో సెన్సరు వైరుకి పెట్టి చక్రాన్ని మెల్లగా తిప్పు. అంకె సున్నాకీ దాదాపు 5 వోల్టులకీ మధ్య మారుతూ ఉండాలి. ఏదైనా కదలకుండా ఉండిపోతే ఆ సెన్సరో, దాని వైరో పోయినట్టు. కుదుపులన్నావే, అవి చాలాసార్లు అక్కడినుంచే వస్తాయి.

ఇక ఫ్లైఓవర్ లెక్క. టిన్నులు 200 కిలోలు, బండీ బ్యాటరీలూ 100, మీ నాన్నగారు 60 అనుకుందాం. మొత్తం 360. చదును రోడ్డు మీద ఈ టైర్లతో దాన్ని కదుపుతూ ఉండటానికి ఐదున్నర కిలోల లాగుడు సరిపోతుంది. గంటకి 12 కిలోమీటర్ల వేగానికి 180 వాట్లు. అదే 30 అడుగులకి ఒక అడుగు లేచే ఎత్తు అనుకో, ఇంకో 12 కిలోల లాగుడు కలుస్తుంది. 12 వేగంతోనే ఎక్కాలంటే 570 వాట్లు కావాలి. 8 వేగంతో ఎక్కితే 380 చాలు. కిటుకంతా నెమ్మదిగా ఎక్కడంలో ఉంది. కానీ గేర్లు లేని హబ్ మోటారు నెమ్మదిగా తిరిగేటప్పుడే కరెంటు ఎక్కువ తాగి వేడెక్కుతుంది. అది 25 వేగంతో పోయే సైకిలుకి చేసిన సరుకు, నీళ్ళ బండికి కాదు.

ఆమ్‌స్టర్‌డామ్ తెలుగోడు:
ఇక్కడ పిల్లల్నీ సరుకుల్నీ ముందు పెట్టెలో కూర్చోబెట్టే బాక్‌ఫీట్స్ సైకిళ్ళు వీధికి పది ఉంటాయి. మాదాంట్లో మోటారు పెడళ్ళ దగ్గరే ఉంటుంది, 250 వాట్లే. వంతెన వస్తే గేరు తగ్గించి ఎక్కేస్తాం. అలాంటిది వేసుకోవచ్చుగా?

పాత సైకిల్ షాపు:
మీ దాంట్లో పెట్టెలో ఇద్దరు పిల్లలు సార్, వీళ్ళ దాంట్లో పది టిన్నులు. ఆ మోటారు ఒక్కటి కొనే డబ్బుతో ఇక్కడ బండే కొత్తది వస్తుంది. గేరు తగ్గించి ఎక్కడం అన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు. మనం దాన్ని వెనక ఇరుసు దగ్గర చేద్దాం.

తమ్ముడూ, గేరు పెట్టె ఉన్న 48 వోల్టుల మోటారు తీసుకో, చైనుతో వెనక ఇరుసుకి ఇవ్వు. ఉదాహరణకి మోటారు నిమిషానికి 300 చుట్లు, దాని పళ్ళు 9. ఇరుసు మీద 18 పళ్ళది వేస్తే ఇరుసు 150 చుట్లు తిరుగుతుంది. మన 28 అంగుళాల చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లు, అంటే గంటకి 20 కిలోమీటర్లు. అది ఎక్కువ. 30 పళ్ళది వేస్తే 90 చుట్లు, 12 కిలోమీటర్లు. లాగుడు అంతకంతా పెరుగుతుంది. నీ మోటారు మీద రాసిన చుట్లు చూసి ఇలాగే లెక్కేసుకో.

పెడళ్ళ చైనుకి ఉన్నట్టే మోటారు చైనుకి విడిగా ఇంకో ఫ్రీ వీల్ (ఒక వైపుకే పట్టి లాగి, రెండో వైపుకి ఖాళీగా తిరిగే పళ్ళ చక్రం) పెట్టించు. అప్పుడు మోటారు ఆగినా నాన్న తొక్కగలరు, తొక్కకపోయినా మోటారు లాగగలదు. లేతు షాపు వాడికి ఒకటి గట్టిగా చెప్పు: రెండో ఫ్రీ వీల్ ముఖం కూడా మొదటిది ఎటు చూస్తోందో అటే చూడాలి. తిరగేసి పెడితే ముందుకి లాగాల్సినప్పుడు ఖాళీగా కటకటలాడుతుంది.

వీటన్నిటికంటే ముందు బ్రేకు. నీ రిక్షాకి ముందు చక్రం రిమ్ము మీద రబ్బరు బ్రేకు ఒక్కటే ఉంటుంది, అవునా? 12 వేగంలో ఉన్న బండిని ఆపడానికీ, 20లో ఉన్నదాన్ని ఆపడానికీ దాదాపు మూడు రెట్ల తేడా. వెనక ఇరుసుకి డ్రమ్ము బ్రేకు వేయించకుండా మోటారు తాళం తిప్పొద్దు. బ్రేకు పట్టగానే మోటారుకి కరెంటు ఆపే లివరు కూడా వేయించు. మా షాపుకి వచ్చిన మోటారు రిక్షాల్లో సగం బ్రేకు లేకుండా వచ్చినవే. యజమానులు బెల్లు మాత్రం రెండేసి పెట్టిస్తారు.

వాటర్ టిన్నుల కుర్రాడు:
అవును బాబాయ్, ముందు బ్రేకు ఒక్కటే. ఫ్లైఓవర్ దిగేటప్పుడు నాన్న చెప్పు కూడా ఆనించేవారట, ఈ మాట నిన్నే చెప్పారు. ఇంకో సంగతి, బ్యాటరీలు మొదట్లో రోజంతా వచ్చేవి, ఇప్పుడు మధ్యాహ్నానికే అయిపోతున్నాయి.

ఎలక్ట్రికల్ మేష్టారు:
నాలుగూ గొలుసులా ఒకదాని తర్వాత ఒకటి కలిపి ఉన్నాయి కాబట్టి ఒకటి చెడితే నాలుగూ చెడినట్టే కనిపిస్తాయి. వైరు బాగయ్యాక వెనక నుంచి ఒకరు బండి పట్టుకుని, మోటారు లాగుతుండగా ఒక్కో బ్యాటరీ విడిగా కొలువు. మూడు 12 దగ్గరుండి ఒకటి 10.5 కంటే కిందికి పడితే దొంగ అదే. రెండు నెలలేగా, వారంటీలో మార్పించు. నాలుగూ ముసలివైపోయాక మాత్రం ఒక్కటే కొత్తది కలపొద్దు.

ముందుముందు లిథియం ఐరన్ ఫాస్ఫేటుకి మారితే బరువు బాగా తగ్గుతుంది. దానికి దాని ఛార్జరే వాడాలి. 16 సెల్లుల ప్యాకు 58.4 వోల్టులకి నిండుతుంది, ఈ పాత ఛార్జరు పెట్టొద్దు. ఏ బ్యాటరీ అయినా ప్లస్ వైరు మీద, బ్యాటరీకి ఆనుకునే ఫ్యూజు ఉండాలి. నీ కిట్టులో ఉందా? లేదనుకుంటా.

బుడమేరు గట్టు మనిషి:
సింగ్‌నగర్ అన్నావు కాబట్టి చెప్తున్నా. 2024 సెప్టెంబరు వరదలో మా వీధిలో తొట్టి కింద బ్యాటరీలు, కంట్రోలరు ఉన్న బండ్లన్నీ మునిగిపోయాయి. వరద మాట అటుంచు, మామూలు వానకే అక్కడికి బురద నీళ్ళు చిమ్ముతాయి. కంట్రోలరు సీటు కింద పెట్టు. వైరు తిన్నగా లోపలికి పోనివ్వకుండా కాస్త కిందికి వేలాడేసి మళ్ళీ పైకి తీసుకెళ్ళు, నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

సరుకు బళ్ళ యూనియన్ మనిషి:
కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు. 250 వాట్ల లోపు, 25 వేగం లోపు అయితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని దుకాణాల్లో అంటారు. ఆ మినహాయింపు పరీక్ష చేసి ఆమోదించిన తేలికపాటి బండ్లకి, ఇంట్లో బిగించుకున్న రిక్షాకి కాదు. 2014 నిబంధనల్లో సరుకుల కోసం ఈ-కార్ట్ అని విడిగా పెట్టారు. దానికి 310 కిలోల సరుకు, 25 వేగం హద్దు. దానికి రిజిస్ట్రేషన్, లైసెన్సు రెండూ ఉండాలి. లేతు షాపుకి వెళ్ళే ముందు ఒక్క పూట రవాణా శాఖ ఆఫీసుకి వెళ్ళి అడుగు. పెద్దాయన రోడ్డు మీద ఎవరితోనో వాదించే పని లేకుండా ఉంటుంది.

వాటర్ టిన్నుల కుర్రాడు (మూడు వారాల తర్వాత):
ఆఫీసులో అడిగి వచ్చాను. నాలుగో బ్యాటరీ 9.8కి పడుతోంది, మార్చి ఇచ్చారు. వెనక డ్రమ్ము బ్రేకు, ఫ్యూజు వేయించాను. ఆటోనగర్లో లేతు పని చేయించి 30 పళ్ళతో చైను మోటారు పెట్టాం. హబ్ మోటారు వైరు మార్పించి మా చెల్లి సైకిలుకి ఉంచాను, ఈసారి పట్టీతో. ఖాళీ బండి ఫ్లైఓవర్ హాయిగా ఎక్కింది. పది టిన్నులేసి గతుకుల్లో పోతే మాత్రం మోటారు చైను ఊడిపోతోంది. రోజుకి మూడు సార్లు. రెండు లింకులు తీయించినా అంతే.

పాత సైకిల్ షాపు:
మోటారు దేనికి బిగించారు? తొట్టి అడుగుకా?

వాటర్ టిన్నుల కుర్రాడు:
అవును బాబాయ్, తొట్టి అడుగున ఉన్న ఇనప యాంగిలర్‌కి.

పాత సైకిల్ షాపు:
అదే మరి. తొట్టి కమాన్ల (స్ప్రింగు పట్టీల) మీద ఉంది, ఇరుసు కమాన్ల కింద ఉంది. లోడు పడ్డప్పుడల్లా, గతుకు వచ్చినప్పుడల్లా ఆ రెండిటి మధ్య దూరం మారుతుంది. చైను ఒకసారి బిగుసుకుంటుంది, ఒకసారి వేలాడుతుంది. లింకులు తీస్తే ఖాళీ బండికి సరిపోతుంది, లోడుకి సరిపోదు. మోటారు ప్లేటుని ఇరుసు బేరింగులున్న ఫ్రేముకే బిగించాలి, ఇరుసుతో పాటు లేచి ఇరుసుతో పాటు దిగాలి. వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీ వైర్లూ కంట్రోలరూ ఊడదీయించు. తీసిన రెండు లింకులూ పారేశావా?

వాటర్ టిన్నుల కుర్రాడు:
లేదు బాబాయ్, హబ్ మోటారు డబ్బాలోనే ఉన్నాయి. రేపు పొద్దున్నే ట్రిప్పు అవ్వగానే వెల్డింగుకి తీసుకెళ్తాను.