మోకాలి గుజ్జు అరిగితే పీఆర్పీ ఇంజెక్షన్ వేయించవచ్చా?

శారద: అమ్మకు 63 ఏళ్లు. మోకాలి గుజ్జు అరిగిందట. ఆమె రక్తంలోంచే ప్లేట్‌లెట్లు వేరుచేసి మోకాల్లోకి ఎక్కిస్తామని డాక్టరు అంటున్నారు. దాన్నే పీఆర్పీ అంటారట. చేయించుకున్నవారు చెప్పగలరా?

నరహరి: తప్పకుండా చేయించండి. ప్లేట్‌లెట్లలో పీడీజీఎఫ్, టీజీఎఫ్-బీటా వంటి పెరుగుదల కారకాలు ఉంటాయి. గాయం మాన్పే పని వాటిదే. టెన్నిస్ ఎల్బో అనే మోచేతి నొప్పితో చెంబు కూడా ఎత్తలేని నేను ఆరు నెలల్లో బాగుపడ్డాను.

సుధాకర్: మీది మోచేతి టెండన్ సమస్య, అంటే కండను ఎముకకు కలిపే పట్టీది. శారద గారు అడిగింది గుజ్జు గురించి. దానికి రక్తనాళాలే ఉండవు, అందుకే తనంతట తాను మానదు. ఆస్ట్రేలియాలో 288 మందిని రెండు జట్లు చేసి ఒక జట్టుకు పీఆర్పీ, మరో జట్టుకు మందేమీ లేని ఉప్పునీరు మూడేసిసార్లు ఎక్కించారు. ఫలితాలు 2021లో వచ్చాయి. ఏడాది తర్వాత నొప్పిలోనూ గుజ్జు పరిమాణంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. నేను ఫిజియోథెరపిస్టును, ఇలాంటి మోకాళ్లు రోజూ చూస్తాను.

నరహరి: అయితే నా చేయి ఉప్పునీటికి బాగయ్యేదా? 2010లో నెదర్లాండ్స్‌లో 100 మంది టెన్నిస్ ఎల్బో రోగుల మీద స్టెరాయిడ్ కన్నా పీఆర్పీయే మెరుగని తేలింది. అది ఎందుకు దాస్తారు?

సుధాకర్: దాచలేదు. అక్కడ పోల్చింది స్టెరాయిడ్‌తో, ఉప్పునీటితో కాదు. అదే ఏడాది అదే దేశంలో, మడమ టెండన్ నొప్పి ఉన్న 54 మందిలో ఉప్పునీటితో పోలిస్తే తేడా కనిపించలేదు.

లలిత: అడిగింది మోకాలి గురించి. మీరు మోచేయి, మడమ దగ్గరే ఆగిపోయారు.

నరహరి: ఇంజెక్షన్‌తో తగ్గితే తన దగ్గరికి ఎవరూ రారని ఆయన బాధ.

సుధాకర్: ఆ మాట అనకండి. మా నాన్నకు మూడు ఇంజెక్షన్లూ వేయించాం. గుజ్జు మళ్లీ పుడుతుందన్నారు. అది నమ్మి ఆయన వ్యాయామం మానేశారు. ఏడాదికి తొడ కండ కరిగిపోయి, గోడ పట్టుకుని నడిచే స్థితికి వచ్చారు. నా కోపం ఇంజెక్షన్ మీద కాదు, ఆ మాట మీద. స్ప్రైఫెర్మిన్ అనే పెరుగుదల కారకాన్ని 549 మందిపై పరీక్షిస్తే రెండేళ్లకు గుజ్జు మందం కాస్త పెరిగింది కూడా. నొప్పి మాత్రం మందులేని ఇంజెక్షన్ తీసుకున్నవారి కన్నా ఎక్కువ తగ్గలేదు.

నరహరి: గుజ్జు పుడుతుందని నేను ఎక్కడా అనలేదు. ఎనిమిది నెలలు నన్ను వ్యాయామం చేసుకోమని పంపేశారు. ఒక్కరూ నా చేయి పట్టి చూడలేదు. పట్టి చూసింది ఆ ఇంజెక్షన్ వేసిన డాక్టరే.

సుధాకర్: అది మావాళ్ల తప్పే.

శారద: మాకు కూడా గుజ్జు పుడుతుందనే చెప్పారు. రేపు ముందు ఆ సంగతే అడుగుతాను. సుధాకర్ గారూ, తొడ కండకు అమ్మ ఇంట్లో చేయగలిగే వ్యాయామం ఏదైనా రాస్తారా?