క్రూగర్‌లో కనిపించిన నలుపు తెలుపు బుల్లి పిట్ట: రెండు జాతులా, ఒకే జంటా?

శ్రావణి, అల్వాల్:
అందరికీ నమస్తే. మా అక్కావాళ్లు జోహన్నెస్‌బర్గ్‌లో ఉంటారు, మొన్న సెలవులకి వెళ్తే అక్కడి వన్యప్రాణుల పార్కు క్రూగర్‌కి తీసుకెళ్లారు. స్కుకూజా క్యాంపులో ఓ తుమ్మచెట్టు మీద ఒక పిట్ట కనిపించింది. మన నల్లంచి కంటే బాగా చిన్నది, తోక పొట్టి, తల ఒంటికి పెద్దది. వీపు బూడిద రంగు, కంటి మీదుగా నల్లటి పట్టీ, గొంతూ పొట్టా తెల్లగా, రొమ్ముకి అడ్డంగా మందంగా నల్ల గీత. పక్క కొమ్మ మీదే ఇంకొకటి, అచ్చం ఇలాగే ఉంది కానీ నల్ల గీత ఉండాల్సిన చోట ఇటుక రంగు, గడ్డం కింద కూడా అదే రంగు మచ్చ. ఇవి రెండు వేర్వేరు జాతులా? మా బావగారు బ్లాక్ టిట్ అంటున్నారు, నాకు నమ్మకం కలగట్లేదు. పుస్తకంలో చూస్తే బాటిస్ అని చాలా ఉన్నాయి, అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి.

యాదగిరి, వికారాబాద్:
శ్రావణి గారూ, రెండూ ఒకటే జాతి, చిన్‌స్పాట్ బాటిస్. నల్ల గీత ఉన్నది మగది, ఇటుక రంగుది ఆడది. ఎప్పుడూ జంటగానే తిరుగుతాయి కాబట్టి ఒకటి కనిపిస్తే రెండోదాని కోసం కాసేపు ఆగి చూడాలి, ఎందుకంటే బాటిస్‌లని గుర్తుపట్టేది ఎక్కువగా ఆడదాన్ని చూసే. మగవి ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి. ఉదాహరణకి ప్రిరిట్ బాటిస్ మగది దాదాపు ఇలాగే ఉంటుంది, పక్కల మీద నల్ల చుక్కలు ఉంటాయి, అంతే తేడా. కానీ దాని ఆడది పూర్తిగా వేరు, గొంతు నుంచి రొమ్ము దాకా లేత నారింజ రంగు పరుచుకుని ఉంటుంది, విడిగా మచ్చ ఉండదు. పైగా అది నమీబియా, బోట్స్వానా వైపు ఎండు నేలల పిట్ట, క్రూగర్‌లో ఉండదు. కేప్ బాటిస్ అయితే దట్టమైన అడవుల్లో ఉంటుంది, దాని కన్ను ఎర్రగా, పక్కలు ఇటుక రంగులో ఉంటాయి. మీ పిట్టల కన్ను ఏ రంగు?

నాజియా, టోలీచౌకి:
బావగారు చెప్పిన సదరన్ బ్లాక్ టిట్ కూడా అక్కడ ఉంటుంది, కానీ దానికి ఒళ్లంతా నలుపే, తెలుపు రెక్కల్లో మాత్రమే కనిపిస్తుంది. టిట్, బాటిస్ రెండూ ఒకే గుంపులో తిరుగుతుంటాయి, అందుకే ఒకే చెట్టు మీద కనిపించడం మామూలే. వర్ణన బట్టి మాత్రం మీది టిట్ కాదు.

శ్రావణి, అల్వాల్:
థాంక్యూ యాదగిరి అన్నా, నాజియా గారూ. ఫొటో పెద్దది చేసి చూశాను, రెండింటికీ కళ్లు పసుపు. ఇంకో విషయం, అక్కడ ఏదో పిట్ట మూడు ఈలలు వేస్తూ ఉండింది, ఒక్కోటి ముందుదానికంటే కిందికి దిగుతూ. అది ఇదేనా?

యాదగిరి, వికారాబాద్:
ఇంక డౌటే లేదు, అదే. పసుపు కన్ను, దిగే మూడు ఈలలు, గడ్డం మచ్చ, మూడూ కలిశాయి. ప్రిరిట్ అయితే మూడుతో ఆగదు, అలా దిగుతూ చాలాసేపు లాగుతుంది. చిన్‌స్పాట్ ఎగిరేటప్పుడు రెక్కలు ఫ్ర్‌ర్ అని చప్పుడు చేస్తాయి, దగ్గర్లో ఉంటే అది కూడా వినిపిస్తుంది. పిట్టల కూతలు ఉండే జెనో-కాంటో వెబ్‌సైట్‌లో రికార్డింగులు ఉన్నాయి, ఒకసారి విని పోల్చుకోండి.

సుధాకర్, సైనిక్‌పురి:
ఈ పిట్ట గూడు గురించి చెప్పకుండా ఉండలేను. పన్నెండు, పదమూడు సెంటీమీటర్ల పిట్ట, దానికి తగ్గట్టే గూడు కూడా చిన్న గిన్నెంత. సన్నటి నారపోగులని సాలెగూడు దారంతో బిగించి, పైన చెట్టు బెరడు మీద పెరిగే లైకెన్ అతికిస్తుంది. కొమ్మ మీద కణుపు అనుకుని దాటిపోతాం, అంత బాగా కలిసిపోతుంది. సాధారణంగా రెండు గుడ్లు. ఆడది పొదుగుతుంటే మగది పురుగులు తెచ్చి దానికి తినిపిస్తుంది. ఇంత దాచినా క్లాస్ కుక్కూ అనే ఆఫ్రికా కోయిల కనిపెట్టి అందులో తన గుడ్డు పెట్టేస్తుంది, తమకంటే పెద్దదైన ఆ పిల్లని ఈ బాటిస్ జంటే పెంచుతుంది. నాకు ఎప్పుడూ బాధ అనిపించే విషయం ఇది.

వీటిని ఒకప్పుడు ఫ్లైక్యాచర్లలో కలిపేవారు, ఇప్పుడు వాటిల్-ఐ అనే ఆఫ్రికా పిట్టలతో కలిపి వేరే కుటుంబంలో పెట్టారు. మన ఐయోరా, కామన్ వుడ్‌ష్రైక్ వీటికి దూరపు చుట్టాలు. ఐయోరా కూడా గూటికి సాలెగూడే వాడుతుంది కదా.

నాజియా, టోలీచౌకి:
శ్రావణి గారూ, ఈసారి అనంతగిరి వెళ్తే చలికాలంలో పొద్దున్నే వెళ్లండి. అక్కడ కూడా సినీరియస్ టిట్, ఐయోరా, స్మాల్ మినివెట్, వుడ్‌ష్రైక్ కలిసి గుంపుగా వస్తాయి. ఒక పిట్ట వెంట పడకుండా గుంపు మొత్తం దాటేదాకా ఒకే చోట నిలబడితే అన్నీ దొరుకుతాయి. స్కుకూజా జంటని, చూసిన పిట్టల్ని నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో మగ ఒకటి, ఆడ ఒకటి అని విడిగా రాసి పెట్టండి, ఆడదాని ఫొటో ముందు ఉండేలా చూడండి.