సర్జరీ తర్వాత నాన్న మాట: డీటీఐ స్కాన్ మళ్లీ తీయించాలా?

నాన్నకు 58 ఏళ్లు, కుడిచేతి వాటం. ఎడమ టెంపోరల్ లోబ్‌లో గ్రేడ్ 2 గ్లయోమా అనే మెదడు గడ్డకు మూడు నెలల క్రితం సర్జరీ అయింది. చెప్పింది అర్థమవుతుంది, సొంతంగా చిన్న మాటలు మాట్లాడతారు. కానీ మనం అన్నది తిరిగి అనలేరు. "తాళంచెవి" అనమంటే "చాళంతెవి" అంటారు, తప్పని తెలిసి బాధపడతారు.

సర్జరీకి ముందు డీటీఐలో (మెదడులోని నరాల దారులను చూపే ఎమ్మారై స్కాన్) ఆర్క్యుయేట్ ఫాసిక్యులస్, అంటే మాట అర్థం చేసుకునే భాగాన్నీ పలికించే భాగాన్నీ కలిపే నరాల కట్ట, గడ్డ వల్ల పక్కకు జరిగి ఉంది. తర్వాతి వారం తీసినప్పుడు మధ్యలో తెగినట్టు కనిపించింది. వాపు ఉన్నా అలా కనిపించొచ్చని సర్జన్ అన్నారు. ఇప్పుడు మామూలు ఎమ్మారైలో వాపు తగ్గింది, స్టెరాయిడ్లు ఆపేశారు.

తెలుగులోనే స్పీచ్ థెరపీ, ఇంట్లో బొమ్మల కార్డులు చేయిస్తున్నాం. వస్తువుల పేర్లు చెప్పడం మెరుగైంది, తిరిగి అనడం మాత్రం ఏమీ మారలేదు. అదే మా టెన్షన్.

వాపు తగ్గాక డీటీఐ మళ్లీ తీయించినవాళ్లకు, దాన్ని బట్టి థెరపీ పద్ధతి ఏమైనా మారిందా?