రిజర్వేషన్ లెక్కలు ఐదు చోట్ల ఉండాలా, ఒక్కచోట ఉండాలా?

ప్రశ్న: రైల్వే రిజర్వేషన్ కంప్యూటర్లు ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్‌లలో ఐదు కేంద్రాలుగా పెరిగాయి. ఐదు చోట్ల యంత్రాలూ సిబ్బందీ దండగ ఖర్చే కనుక, అంతా ఒక్కచోటికి చేర్చాలని నా వాదన. కాదనేవారు కారణం చెప్పగలరు.

జవాబు: ఖర్చు మాట కాదనను. అయితే ఆ కేంద్రాలు పెరిగిన తీరు చూడాలి. తొలి రోజుల్లో ఏ కేంద్రం లెక్క దానిదే. సికింద్రాబాద్ కౌంటరులో నిలబడి ఢిల్లీలో బయలుదేరే రైలుకు బెర్తు అడిగితే, ఆ లెక్క ఇక్కడి కంప్యూటరులో ఉండేది కాదు. రైల్వేల కంప్యూటర్ వ్యవస్థలు చూసే సంస్థ క్రిస్ తయారుచేసిన కాన్సర్ట్ అనే రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్ 1994లో సికింద్రాబాద్‌లోనే మొదట నడిచింది. 1999 నాటికి ఐదు కేంద్రాలూ కలిశాయి. కానీ కలిసినది దారే తప్ప లెక్క కాదు. ఒక్కో రైలు బెర్తుల ఖాతా ఒక్కో కేంద్రంలోనే ఉంటుంది. గుమాస్తా రైలు నంబరు కొట్టగానే అభ్యర్థన ఆ కేంద్రానికి వెళ్లి, బెర్తు అక్కడ ఖరారై, టికెట్టు మాత్రం ఇక్కడ అచ్చవుతుంది. ఎవరు ఎక్కడినుంచి అడిగినా బెర్తు ఎవరిదో తేలేది ఒకే చోట కాబట్టి, ఒకే బెర్తు ఇద్దరికి దక్కే ప్రమాదం తప్పుతుంది. పైగా కోల్‌కతా కేంద్రాన్ని మరమ్మతుకు ఆపితే ఆ పరిధిలోని రైళ్లకే ఇబ్బంది. దేశమంతా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు: ఆ పంపకం సాంకేతిక అవసరం వల్ల వచ్చిందా, జోన్ల పాలన వల్ల వచ్చిందా? సంస్థలో మాటామంతీ ఎలా సాగుతుందో అది కట్టుకునే వ్యవస్థ కూడా అలాగే ఉంటుందని కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లోనే అన్నాడు. 2002లో ఇంటర్నెట్ టికెట్లు వచ్చాయి. నేడు ఎక్కువమంది ఫోనులోనే కొంటున్నారు. ఏసీ తత్కాల్ ఉదయం 10 గంటలకు తెరుచుకోగానే ఐదు కేంద్రాల మీదా ఒకేసారి ఒత్తిడి పడుతున్నప్పుడు, ఊళ్లవారీ పంపకం వల్ల ఒరిగేదేమిటి?

జవాబు: ఊళ్ల సంగతిలో మీతో ఏకీభవిస్తాను, సికింద్రాబాద్ ఖాతా సికింద్రాబాద్‌లోనే ఉండాలన్న పట్టుదల నాకు లేదు. నా పట్టు రైలువారీ పంపకం మీద. యంత్రాలన్నిటినీ రెండు భవనాల్లోకి చేర్చి, ఒకటి మూలపడితే రెండోది అందుకునేలా నకలు ఉంచినా, ఒక్కో రైలు ఖాతాకు ఒక్కరే యజమాని కావాలి; ఒక ఖాతా ఆగినంత మాత్రాన పక్క ఖాతా ఆగకూడదు. మీరు చెప్పే ఒకే కేంద్రంలో ఈ విభజన ఉంటుందంటే, మన మధ్య మిగిలిన తగువు అద్దెదీ కరెంటుదీ మాత్రమే.