అప్‌డేట్: ఆ దీవి గేమ్‌ల శిఖరం ఎక్కిన

పోయిన వారం అడిగిన కదా, ‘ఎ షార్ట్ హైక్’ అనే కంప్యూటర్ గేమ్‌ల, ఫోన్ సిగ్నల్ కోసం పిట్ట ఎక్కే హాక్ పీక్ అనే శిఖరం సగం దాక ఎక్కి జారి పడుతున్న, నా పాత లాప్‌టాప్ తప్పా అని. లాప్‌టాప్ బానే ఉంది. నా తొందరే తప్పు.

మీరన్నట్టే బంగారు ఈకలు జమ చేసిన. ఒక్క ఈక పెరిగితే గాల్ల ఇంకోసారి రెక్కలు కొట్టొచ్చు, గోడ మీద ఇంకింత దమ్ము ఉంటది. నేల మీద నిలబడంగనే మల్ల నిండుతయ్. కొన్ని నాణేలిచ్చి కొన్న, కొన్ని ఎక్కడెక్కడ్నో దొరికినయ్. పైన చలికి ఈకలు గడ్డకడతయని మాత్రం ఒక్కరు చెప్పలె!

మా నల్లగొండల లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కినోళ్లకు ఎరుకే, నడుమ ఆగి దమ్ము తీసుకోకుంటే పని కాదు. ఇదీ గంతే, మెట్లే లేవు.

ఈకల కోసం తిరుగుతా తిరుగుతా చాపలు పట్టుకుంట కూసున్న, శిఖరం సంగతే మర్చిపోయిన. 2019ల ఆడమ్ రాబిన్సన్-యు చేసిన చిన్న ఆట, ఇంత నిమ్మలంగ ఉంటదనుకోలె.

పైన ఆ పిట్టకు ఫోన్ సిగ్నల్ దొరికినంక ఏమైతదో చెప్ప, ఇంకా ఆడనోళ్లుంటరు. నేనైతే లాప్‌టాప్ మూసి అమ్మకు ఫోన్ చేసిన.